పాత్రయు పానీయమును

“ఏ పాత్రలో పోసిననేమి, కడుపులోనికి పోవునది యొక్కటియే గదా” యను మాట మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. తొందరలో నున్నవారును, పాత్రలు తోమి తోమి విసిగినవారును ఈ మాట నెక్కువగా అందురు. తీరిక గలవారును, తోమవలసిన పని లేనివారును దీనికి సాధారణముగా ఒప్పుకొనరు. ఈ రెండు పక్షములలో నిజమెవరి వైపున నున్నదో విచారించి చూడవలెనని నాకు చాల కాలముగా కోరిక.

మా చెల్లెలి కుమారుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. పోయిన సంక్రాంతికి పొందూరు వచ్చి తన యింటి ఛాయాచిత్రములు చూపించుచుండగా, ఒక బీరువాలో తలక్రిందులుగా వ్రేలాడుచున్న గాజుపాత్రలు నా కంటబడినవి. సన్నని కాడలు, ఆ కాడలపై తామరమొగ్గలవంటి గిన్నెలు. ఒక వరుస వెడల్పు, ఒక వరుస ఇరుకు, మరియొకటి సన్నగా పొడవుగా నున్నవి. “ఇవేమిట్రా, పూజసామానా?” అని అడిగితిని. వాడు నవ్వి, “వైనుకి పెద్దమ్మా. ఎర్రదానికొకటి, తెల్లదానికొకటి, నురగొచ్చేదానికొకటి” అనెను. ద్రాక్షరసము పులిసినది యొక్కటియే కదా, దానికి ఇన్ని పాత్రలెందుకని నేను ఆశ్చర్యపడితిని. గ్లాసు మారిన రుచి మారునని అచ్చట అనేకులు నమ్ముదురట.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోయెదను. నేను మద్యమును మెచ్చుకొనుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. 1990ల మొదట నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేవదీసిన ఉద్యమమును, దాని ఫలితముగా 1993 అక్టోబరు 1వ తేదీ నుండి సారా నిషేధింపబడుటయు, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చుటయు, 1997లో అది సడలిపోవుటయు మన స్త్రీలు మరచిపోదగినవి కావు. గ్లాసెంత సన్ననిదైనను, అందులో పోసిన కూలిడబ్బు తిరిగి యింటికి రాదు. నేను విచారింపదలచినది పాత్రను గురించి మాత్రమే.

పాశ్చాత్యులు ఈ విషయమును మనవలె మాటలతో వదలిపెట్టక పరీక్షించి చూచిరి. మొదట కొందరు చెప్పిన కారణము మిక్కిలి సులువుగా నుండెను. నాలుక కొనయందు తీపియు, ప్రక్కలందు పులుపును, వెనుక చేదును తెలియుననియు, గ్లాసు అంచు ఆకారమును బట్టి రసము నాలుకపై వేరు వేరు తావుల పడుననియు వారి వాదము. ఈ నాలుక పటము 1901లో జర్మనీ దేశమున హేనిగ్ అను నాతడు ప్రకటించిన పరిశోధననుండి పుట్టి, 1942లో అమెరికాలో బోరింగ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుని గ్రంథము ద్వారా పెడదారి పట్టి, పాఠ్యపుస్తకములకు కూడ ఎక్కినది. నాలుకపై అంతటను అన్ని రుచులును తెలియునని తరువాతి శాస్త్రజ్ఞులు రుజువు చేసిరి. దీనికి పరిశోధనశాల గూడ అక్కరలేదు. చింతపండు పిక్కంత తీసి నాలుక కొనపై పెట్టుకొన్నచో, అది ప్రక్కలకు పోవువరకు పులుపు ఆగునా?

ముక్కు సంగతి మాత్రము వేరు. 2015లో జపాను దేశమున టోక్యో నగరపు శాస్త్రజ్ఞులు గ్లాసునుండి లేచు మద్యపు ఆవిరిని ఛాయాచిత్రము తీయు ఉపాయమొకటి కనిపెట్టిరి. బొజ్జగా నుండి మూతి ఇరుకైన వైను గ్లాసులో, పదమూడు డిగ్రీల చల్లదనమున, ఆవిరి అంచు చుట్టును కడియమువలె నిలిచి, నడుమ పలుచగా నుండెనట. తిన్నని గ్లాసులో అట్టి కడియము కనబడలేదు. అనగా ఇరుకుమూతి గ్లాసులో ముక్కు పెట్టినవానికి ఘాటు తక్కువగాను, పండ్ల పరిమళ మెక్కువగాను తెలియునన్నమాట. ఇంతవరకు గ్లాసు పక్షమువారిదే గెలుపు.

అయితే 2002లో అమెరికాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు, త్రాగువారి కండ్లకు గ్లాసు కనబడకుండను, చేతికి తగులకుండను ఏర్పాటు చేసి, వాసన మాత్రము చూడనిచ్చిరి. అప్పుడు గ్లాసుకు గ్లాసుకు నడుమ తేడా మిక్కిలి స్వల్పమయ్యెను. కన్నును చేతిని తీసివేసినంతనే పాత్ర మహిమ చాలవరకు పోయినదన్నమాట. 2008లో మరియొక పరిశోధనలో ఒకే నీటిని గట్టి గ్లాసులోను, నొక్కుకొనిపోవు పలుచని గ్లాసులోను ఇచ్చి చూడగా, పలుచనిదానిలోని నీరు తక్కువరకముగా తోచెనట. పెండ్లిభోజనములలో ముట్టుకొన్నంతనే సొట్టపోవు ప్లాస్టిక్ గ్లాసుతో నీరు త్రాగినవారికి ఈ సంగతి శాస్త్రజ్ఞులు చెప్పనక్కరలేదు.

రుచి చూచుటయే వృత్తిగా గలవారు తగవు పెరుగకుండ ఒక ఏర్పాటు చేసికొనిరి. 1977లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థవారు వైను పరీక్షకు ఒకే తీరు గ్లాసును నిర్ణయించిరి. సుమారు 215 మిల్లీలీటర్లు పట్టునది, పైకి పోను పోను మూతి ఇరుకగునది. గ్లాసు ఏమియు చేయనిదైనచో దానికి కొలతలు కట్టవలసిన పనియే లేదు గదా!

మన యింటి పాత్రలను ఈ దృష్టితో చూడగా నాకు తోచిన ముఖ్య విషయమొకటి కలదు. వారి గ్లాసు మూతి లోపలికి వాలును; మన చెంబు మూతి వెలుపలికి వాలును. వారు పెదవి ఆనించి, ముక్కు దించి త్రాగుదురు. మనకు ఎంగిలి పట్టింపు గనుక, తల యెత్తి, నోరు తెరచి, చెంబు నెత్తి ధారగా పోసికొనుట పూర్వాచారము. ధార చెదరక తిన్నగా పడవలెనన్న అంచు వెలుపలికి తిరిగియుండవలెను. కాఫీగ్లాసు అంచు వెలుపలికి మడతపడియుండుటకును ఇదియే కారణము. అట్లు త్రాగువానికి పాత్రలోని వాసన ముక్కున కందదు. లోహపు స్పర్శ పెదవికి తెలియదు. అందుచేత పాత్ర రుచిని మార్చునా యను ప్రశ్న మన పూర్వులకు త్రాగునప్పుడు పుట్టదు, నిలువయుంచునప్పుడే పుట్టును. ఆ నిలువ విషయమున వారెంత పట్టుదల గలవారో మనమందరమెరుగుదుము.

కాఫీ పరిమళము మాటయేమందురా? దానిని మనము గ్లాసులో దాచము. దబరాలోనికి గ్లాసులోనికి తిరగబోసి ఇల్లంతయు నింపుదుము. త్రాగువానికంటె ముందు వీధిలో పోవువానికే మన కాఫీ తెలియును!

నిలువకు మట్టికుండను మించినది లేదు. కుండ చెమ్మగిల్లి, ఆ చెమ్మ ఆరుచుండగా లోపలి నీరు చల్లబడును. తడిసిన మట్టి పరిమళము కొంత నీటికి పట్టును. మా ఉత్తరాంధ్ర జిల్లాలలో తరవాణి కుండకున్న గౌరవము పూజామందిరమునకు తరువాతిదే. గంజియు కడుగునీళ్లును పోసి పులియబెట్టు ఆ తరవాణికి కుండ మార్చినచో రుచి నిలుకడకు వచ్చుటకు దినములు పట్టును. పులుపు పుట్టించు సూక్ష్మజీవులు కుండ గోడల రంధ్రములలో కాపురముండుటయే అందుకు కారణము. తరవాణిని స్టీలుగిన్నెలో చేయువారిని నేనెరుగుదును. పులుపు వచ్చునుగాని నా నాలుకకది తరవాణి కాదు. తాటికల్లు త్రాగువారు కూడ తాటాకు దొప్పలోనిదే రుచి యందురు. మన్యమునందు జీలుగుకల్లునకు ఎండిన ఆనపకాయ బుర్రను వాడుదురు. వారి మాటను పరీక్షించు అవకాశము నాకు లేదు.

ఇక లోహములు. రాగియు తగరమును కలిసినది కంచు. రాగియు తుత్తునాగమును కలిసినది ఇత్తడి. మంచి కంచులో నూటికి డెబ్బదియెనిమిది పాళ్లు రాగి, ఇరువదిరెండు పాళ్లు తగరము. మ్రోగుటయు ఆ పాళ్లవలననే, క్రిందపడిన పగులుటయు ఆ పాళ్లవలననే. మా శ్రీకాకుళము జిల్లా సారవకోట మండలమందలి బుడితి గ్రామము ఈ కంచు, ఇత్తడి పనికి పేరు పొందినది. భౌగోళిక గుర్తింపును కూడ సంపాదించినది. రాగిబిందెలోని నీరు మంచిదను మాట వట్టి నమ్మకము కాదు. కలరా, నీళ్లవిరేచనములు కలిగించు క్రిములను నీటిలో కలిపి, ఆ నీటిని రాగిపాత్రలో పదునారు గంటలుంచగా అవి నశించెనని 2012లో మన దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అయితే ఆ రాగియే పులుపునకు శత్రువు. కళాయి లేని ఇత్తడిలో మజ్జిగయైనను చారైనను నిలిచినచో చిలుము దిగి, వాంతియగు రుచి పుట్టును. అందుకే కదా నవాసాగరము చల్లి తగరము పూయు కళాయివాని కేక కొరకు మన తల్లులు చెవులొగ్గి యుండెడివారు! ఆ కేక మా వీధిలో వినబడి చాలయేండ్లైనది.

కళాయివాడు రాకపోవుటయే మా యింటి తగవునకు మూలము. మా అమ్మ నాకు సారెగా ఇచ్చిన బుడితి సామాను, చెంబులు, గ్లాసులు, గంగాళము, అటకపై నున్నవి. పాత ఇత్తడికి కొత్త స్టీలు ఇచ్చు దుకాణమునకు వాటిని వేసివేయుదమని మా కోడలు అనినది. ఆమె యుద్యోగిని, ప్రొద్దుట ఎనిమిది గంటల రైలందుకొనవలెను. “రుచిలో తేడా ఉందని చూపించండత్తయ్యా, నేనే తోముతాను” అని పందెము కట్టినది. అందుచేత నొక ఆదివారము మా పెరటి అరుగుపై పరీక్ష జరిపితిమి.

మట్టిగ్లాసు, గాజుగ్లాసు, స్టీలుగ్లాసు, ఇత్తడిగ్లాసు, కంచుగ్లాసు, ఈ అయిదింటిలోను ఒకే కుండలోని నీటిని పోసితిమి. పరీక్షకు కూర్చున్నవారు నేను, మా వారు, మా కోడలు, ప్రక్కయింటి మామ్మగారు. కండ్లకు గంతలు. అయితే మామ్మగారితో మొదటనే చిక్కు వచ్చినది. ఆమె అరువదియేండ్లుగా పొందూరు సన్ననూలు వడకిన చేయి. పత్తిని వాలుగచేప దవడతో దువ్వి, పింజలోని పోగు మంచి చెడ్డలను వ్రేళ్ల కొనలతోనే తెలిసికొనగల వృత్తి అది. కంటికి గంత కట్టిననేమి, గ్లాసు చేతికందినంతనే, “ఇది కంచు, ఇది గాజు, ఇదేమో మీ కోడలి స్టీలు” అని వరుసగా చెప్పివేసెను! ఆ అమెరికావారు చేతిని కూడ ఎందుకు దూరముంచిరో అప్పుడు నాకు బాగుగా బోధపడినది. ఆ పిమ్మట గ్లాసులను మా మనుమరాలు పట్టుకొని నోటికందించునట్లు ఏర్పాటు చేసితిమి.

మట్టిగ్లాసును అందరమును తప్పక గుర్తించితిమి. గాజునకును స్టీలునకును తేడా ఒక్కరును చెప్పలేకపోయిరి. మా వారు మూడుసార్లు తప్పు చెప్పి, నాలుగవసారి నీరు చాలుననిరి. కంచును మామ్మగారు మాత్రము పట్టివేసిరి. ఎట్లనగా, అంచు ఆమె మిగిలిన పంటికి తగిలి “ఖంగు” మనెను. అది రుచి క్రిందికి వచ్చునా రాదా యని కొంతసేపు వాదన జరిగినది. రాదని నా తీర్పు.

తరువాత మజ్జిగ పోసి అరగంట యుంచి చూచితిమి. ఇత్తడిగ్లాసును అందరును ఒక్క గుక్కలో పట్టుకొని ముఖము చిట్లించితిమి. కంచులో అంత మార్పు లేదు. కాఫీతో చేసిన పరీక్షలో రుచికంటె వేడిదే పెత్తనము. స్టీలుకంటె రాగి ఇరువదియైదు రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేయును. ఇత్తడి, కంచు నడుమ నుండును. గాజును, పింగాణియు వేడిని మిక్కిలి నెమ్మదిగా వదలును. కంచుగ్లాసులో వేడికాఫీ పోసి పెదవి ఆనించుట అసాధ్యమని తేలినది. అందునకు పింగాణి కప్పే మేలు. అయితే దానికొక లోపము. తెల్లని కప్పులోని కాఫీ గాజుకప్పులోని కాఫీకంటె చిక్కగాను, తీపి తక్కువగాను తోచునని 2014లో ఒక పరిశోధన ప్రకటింపబడినది. మా వారికి మధుమేహము. నాటినుండి ఆయనకు అరకు కాఫీని గాజుగ్లాసులోనే ఇచ్చుచున్నాను. ఆయనకింకను ఈ సంగతి తెలియదు. ఈ పత్రికను ఆయన చదువరు.

పరీక్ష ముగియవచ్చుచుండగా మా యింట పని చేయు నామె వచ్చినది. ఆమెను కూడ కూర్చుండుమని, గంత కట్టి, మొదటి గ్లాసు నందించితిమి. ఆమె దానిని పెదవికి తగులనీయలేదు. తన చేతిలోనికి తీసికొని, తల వెనుకకు వాల్చి, జానెడు ఎత్తునుండి ధారగా పోసికొనినది. రెండవదియు అంతే, మూడవదియు అంతే. “ఏటమ్మా, అన్నీ ఒకలాగే ఉన్నాయి” అని చెప్పినది. ఆమె చెప్పినది ముమ్మాటికి నిజము. గాలిలోనుండి పడు ధారకు కంచేమి, గాజేమి!

నేను పైన ఎంగిలి పట్టింపును ఆచారమని తేలికగా వ్రాసితిని. ఆ ఆచారమునకు రెండు ముఖములున్నవి. తన పాత్ర శుచిగా నుండుటకై ఎత్తిపోసికొనువాడు ఒకడు. ఇతరుల పాత్రను తన పెదవి ముట్టరాదని నేర్పబడినందున ఎత్తిపోసికొనువారు మరియొకరు. చూచుటకు రెండును ఒకటే. మన పల్లెల కాఫీహోటళ్లలో కొందరికి వేరుగ్లాసు పెట్టి, దానిని వారే కడిగి బోర్లించి పోవు పద్ధతి ఎన్నియేండ్లు సాగినదో పెద్దవారందరికి తెలియును. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము పదునేడవ అధికరణముచే అంటరానితనమును రద్దు చేసినది. 1955లో దానిని నేరముగా జేయు చట్టము వచ్చినది. అయినను 1985 జూలై 17న ప్రకాశము జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల ప్రాణములు పోయిన ఆ ఘోరము త్రాగునీటి చెరువు దగ్గర పశువుల కుడితినీళ్ల తగవుతోనే మొదలైనది. పాత్రవలన పానీయపు రుచి మారునా యని ప్రశ్నించుటకు ముందు, పాత్రను పెదవికి ఆనించు అధికారము ఎవరికి గలదని ఆ గాజుగ్లాసుల వరుసను చూచినప్పుడు నాకు తోచలేదు. ఆ పరిశోధకులకు కూడ తోచియుండదు. వారి పరీక్షకు కూర్చున్నవారందరును పెదవి ఆనించువారే.

మా కోడలు మాటలాడక లేచి, కంచుగ్లాసును కడిగి, కుండలోని నీరు నింపి ఆమె చేతికిచ్చి, “మూతి పెట్టి తాగప్పా. నేనూ అలాగే తాగేను గదా” అనినది. ఆమె సిగ్గుపడి నా వైపు చూచినది. మా మామ్మగారు, “తాగవే, గ్లాసేం కరిగిపోదు” అని గద్దించిరి. అప్పుడామె గంత తీసివేసి, రెండుచేతులతో గ్లాసు పట్టుకొని, అంచు పెదవుల నడుమ నిలిపి మెల్లగా త్రాగినది.

“సల్లగుందమ్మా, పెదిమికి” అనినది. తరువాత ఒక క్షణమాగి, “మా ఇంట్లో సత్తుగలాసు. అది ఇంత సల్లగుండదు. బరువు కూడా బాగుంది సేతికి” అనినది. కంచు వేడిని త్వరగా లాగుకొనును గనుక పెదవికి చల్లగా తగులును.  నా పక్షము గెలిచినదని నేను మా కోడలి వైపు చూచితిని. ఇంతలో ఆమె గ్లాసును కుళాయి దగ్గరకు తీసికొనిపోయి, చింతపండు, బూడిద కొరకు చేయి చాచుచు, “బాగుంది గానీ అమ్మా, ఇయ్యన్నీ అటక మీంచి దింపితే తోమేది నేనే గదా!” అనినది.

అటకపైనున్న సామానులో కంచుగ్లాసులు నాలుగు దింపితిమి. మావి మూడు, ఆమెది ఒకటి. ఎవరు త్రాగినది వారు తోముకొనుటకు నిశ్చయమైనది. మా వారు చింతపండు ఎంత వేయవలెనో ఇంకను నేర్చుకొనుచున్నారు. తక్కిన ఇత్తడి దుకాణమునకు పోయినది. గంగాళము మాత్రము మా చెల్లెలు పట్టుకొనిపోయినది.